దిక్కులేని సమాధికి దిక్కెవరు?

కొత్త ఊరు చేరిన ప్రయాణికుడు గుడి ఎక్కడ, సంత ఏ వారము, మంచి భోజనము ఎక్కడ దొరకును అని అడుగును. ఆ ఊరి కాడు ఎక్కడనున్నదని అడుగువారు అరుదు. అడిగినచో వినినవారు ఒక్క క్షణము అనుమానముగా చూతురు. మనలో పెక్కుమందికి శ్మశానము పనిపడినప్పుడు పోయి, వెనుదిరిగి చూడక వచ్చి, స్నానము చేసి గడప త్రొక్కవలసిన చోటు. ఊరక చూడబోవు చోటు కాదు. అక్కడ కలిగిన విరక్తి ఇల్లు చేరులోపల ఆరిపోవునని ఎరిగియే పెద్దలు దానికి శ్మశాన వైరాగ్యమని పేరు పెట్టిరి.

అయినను కాటిని గూర్చి వినుటలో తెలుగువారు వెనుకబడినవారు కారు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకములోని కాటిసీనును, అందులో నటులు చేర్చి పాడుచు వచ్చిన గుఱ్ఱము జాషువ గారి శ్మశానవాటి పద్యములను రంగస్థలము ముందరనో, రేడియో ముందరనో కూర్చుండి వినని తెలుగు కుటుంబము అరుదు. ఆ పద్యములు విన్నంత శ్రద్ధతో ఆ నేలను చూచినచో ఒక ఊరి చరిత్రయు, మర్యాదలును, అక్కడి అన్యాయములును కూడ తెలియవచ్చును. ఈ ప్రసంగమునకు ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి సీమను ఎన్నుకొన్నాము. చనిపోయినవారిని వారి బంధువులు తలచుకొనుట సహజము. బంధువులు లేనివారిని ఎవరు తలచుకొందురు? ఈ ప్రశ్నకు ఆ సీమ చెప్పు సమాధానములు వినదగినవి.

ఏలూరు నుండి తాడేపల్లిగూడెమునకు రైలులో గంట లోపు ప్రయాణము. ఎడమవైపున మెట్ట భూములు, వాటి వెనుక గుట్టలు. కుడివైపున పొలములు, కాలువలు, చేపల చెరువులు, వాటి ఆవల కొల్లేరు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లములో నిలిచిన ఈ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు వచ్చి చేరును. ఉప్పుటేరు ఒక్కటే దాని నీటిని సముద్రమునకు కొనిపోవును. 2022 ఏప్రిల్‌లో ఏలూరు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కొల్లేటి తీరమునందలి కైకలూరు ప్రాంతము కూడ అందు చేరినది. తాడేపల్లిగూడెము మాత్రము పశ్చిమ గోదావరి జిల్లాలోనే నిలిచినది. జిల్లాల హద్దులు మారినను, ఈ సీమ ప్రజలు తమ పెద్దలను సాగనంపు పద్ధతులు ఆ హద్దులను బట్టి మారలేదు.

ముందుగా కాడును ఎట్లు చదువవలెనో చెప్పుకొందము. ముస్లిముల ఖబరస్తానులో సమాధులన్నియు ఉత్తర దక్షిణములుగా ఉండును. శవమును ఉత్తరమునకు తల ఉంచి పడుకొనబెట్టి, ముఖమును పశ్చిమమునకు, అనగా మక్కా ఉన్న దిక్కునకు, త్రిప్పుదురు. క్రైస్తవుల పాత సమాధులలో కాళ్ళు తూర్పుగా ఉండును. పునరుత్థాన దినమున లేచినవారు ఉదయించు సూర్యునివైపు చూతురని వారి విశ్వాసము. హిందువులు చితిపై తలను దక్షిణమునకు ఉంచుదురు. అది యముని దిక్కు. కావున ఒక్క అక్షరము చదువకుండగనే, దిక్కులను బట్టి అది ఎవరి వాటికయో చాలవరకు గ్రహింపవచ్చును.

హిందువులు దహనము చేయుదురు, తక్కినవారు పూడ్చుదురు అని తేల్చి చెప్పుట సరికాదు. పసిబిడ్డలను దహనము చేయరు. సన్యాసులను కూర్చుండబెట్టి భూస్థాపితము చేయుదురు. వీరశైవులు, జంగములు మరణించినవారిని పద్మాసనమున ఉంచి, బ్రతికినన్నాళ్ళు మెడలో ధరించిన ఇష్టలింగమును అరచేత పెట్టి మట్టి ఇత్తురు. ఇవిగాక తరతరములుగా ఖననమే ఆచారముగా గల కులములు ఎన్నియో ఉన్నవి. ఒకే ఊరిలో, ఒకే వీధిలో, రెండు ఇండ్లవారు రెండు విధములుగా తమ పెద్దలను సాగనంపుట ఇక్కడ వింత కాదు.

ఈ పద్ధతులన్నింటిలోను నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది దింపుడు కళ్ళము. పాడె మోయువారు ఊరికిని కాటికిని నడుమ ఒకచోట పాడెను నేలపై దింపుదురు. దగ్గరి బంధువు వంగి, చనిపోయినవారి చెవిలో ముమ్మారు పేరు పెట్టి పిలుచును. ప్రాణము ఏ మూలనైన మిగిలియున్న పలుకునేమో అను కడపటి ఆశ అది. వైద్యుడు చూచి చెప్పు వసతి లేని కాలములో ఈ ఆచారము ఒక జాగ్రత్త కూడ అయి ఉండును. దింపుడు కళ్ళము ఆశ అని నేటికిని మనము వాడు మాట అందుండియే పుట్టినది. మనిషిని చివరిసారి అతని పేరుతో పిలిచి చూచెడి చోటు అది. పిలుచువాడు ఒకడు ఉండవలెనన్నది ఆ ఆచారములోని గట్టి నియమము.

ఏటేట జరుగు స్మరణకు ఒక్కొక్క సమాజమునకు ఒక్కొక్క కాలము ఉన్నది. భాద్రపద బహుళ పక్షమును మహాలయ పక్షమందురు. ఆ పదునైదు దినములు పితృదేవతలవి. సంక్రాంతి పండుగకు కోస్తా జిల్లాలలో పెద్దలకు పెట్టుకొనుట అను ఆచారము కలదు. కొత్త బట్టలు, పిండివంటలు చనిపోయినవారి పేర ఉంచి, నమస్కరించి, తరువాత ఇంటివారు ధరింతురు, భుజింతురు. ముస్లిములు షాబాను నెల పదునాల్గవ దినము గడచిన రాత్రి, షబే బరాత్ నాడు, ఖబరస్తానునకు పోయి దీపముల వెలుగులో సమాధులపై పూలు పరచి, ఫాతిహా చదువుదురు. కతోలికులకు నవంబరు 2 సకల మృతుల స్మరణ దినము. దానినే మన ప్రాంతములో సమాధుల పండుగ అందురు. వారము పది దినముల ముందే గడ్డి చెక్కి, సున్నము వేసి, చెరిగిన పేర్లకు రంగు పూయుదురు. ప్రొటెస్టంటు సంఘములలో పెక్కు ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులతో సమాధులవద్ద కూడి పాటలు పాడుదురు. ఇట్టి దినములు తెలుగువారికే పరిమితము కావు. చైనావారు వసంతకాలములో పూర్వికుల సమాధులు ఊడ్చు పండుగ చేసికొందురు. జపానువారు వేసవిలో పితరులకు దీపములు వెలిగింతురు.

ఈ ఆచారములను దగ్గరగా పరిశీలించినచో ఒక పోలిక కనబడును. మహాలయ పక్షములో తండ్రి, తాత, ముత్తాత అను మూడు తరములకు మాత్రమే తర్పణము విడిచి ఊరకుండరు. గురువులకు, మిత్రులకు, ఆశ్రయించినవారికి కూడ నీరు విడుతురు. దానికి కారుణ్య తర్పణమని పేరు. చివరకు పిండమో నీళ్ళో ఇచ్చు బంధువు ఎవడును లేనివారికొరకు కూడ ఒక దోసిలి ఉన్నది. ఖబరస్తాను గుమ్మమున ముస్లిము పలుకు సలాము తన తండ్రికి మాత్రమే చెందినది కాదు. అక్కడ నిద్రించు వారందరికిని చెందును. నవంబరు 2న కతోలికుల గుడిలో చేయు ప్రార్థన తమవారితో పాటు, తమ కొరకు ప్రార్థించువారు లేని ఆత్మలకును వర్తించును. మూడు మతములును మూడు భాషలలో ఒకే ఏర్పాటు చేసికొన్నవి. ప్రతి కాటిలోను దిక్కులేనివారికి ఒక వంతు కేటాయించినవి. ఆ వంతు చెల్లించు బాధ్యత బ్రతికియున్న పరాయివారిది. కాటిని చూడవచ్చిన ప్రయాణికుడు కూడ ఆ పరాయివారిలో ఒకడే.

ఈ దృష్టితో కొల్లేటిలోనికి పోదము. చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశి విజయములను చెప్పు ఐహొళె శాసనము క్రీ. శ. 634 నాటిది, దానిని రచించినవాడు రవికీర్తి. అందు కునాలమను జలాశయపు నీరు యుద్ధములో మడిసినవారి రక్తముతో ఎరుపెక్కినదని వర్ణన ఉన్నది. ఆ కునాలము మన కొల్లేరే అని చరిత్రకారులలో పలువురి నిర్ణయము. ఏలూరునకు ఉత్తరముననున్న పెదవేగియే నాటి వేంగి. ఆ రాజ్యముకొరకు జరిగిన పోరులో ఈ నీటి అంచున కూలిన భటులకు సమాధులు లేవు, వీరగల్లులు లేవు. గెలిచిన రాజు పేరు కర్ణాటకములో ఒక గుడి గోడపై మిగిలినది.

కొల్లేరు తన వశములో ఉంచుకొన్న పేరు వేరొకటి ఉన్నది. సరస్సులోని కొల్లేటికోటయందు పూర్వము ఓఢ్ర గజపతుల కోట ఉండెడిదని స్థలపురాణము. శత్రుసేన ఒడ్డున చిగురుకోటవద్ద విడిసెనట. నీరే కోటకు కందకమై నిలువగా, ఆ నీటిని సముద్రమునకు దించివేయుటకై శత్రువులు కాలువ త్రవ్వ మొదలిడిరట. అదియే నేటి ఉప్పుటేరని కథ చెప్పుదురు. కోటను కాచుకొనుటకు గజపతుల సేనాని తన కూతురినే బలి ఇచ్చెనట. ఆ బాలిక జ్ఞాపకార్థము ఆ కాలువకు పేరంటాళ్ళ కనుమ అను పేరు నిలిచినది. పేరంటాలు అనగా మన దేశమున ముత్తైదువగా మరణించి పూజలందుకొను స్త్రీ. కొల్లేటి జాలరులైన వడ్డెలు ఆ గజపతుల సైనికుల సంతతివారమని చెప్పుకొందురు. కొల్లేటికోటలోని పెద్దింట్లమ్మకు ఫాల్గుణ మాసములో జాతర జరుగును. చుట్టుప్రక్కల లంకల ప్రజలు వేలుగా తరలివత్తురు.

ఇది చరిత్రయో కథయో తేల్చుట మన పని కాదు. కథ చెప్పు పద్ధతిని గమనింపుడు. సేనాని పేరు జనుల నోట నిలువలేదు. గెలుపు ఓటముల సంగతి పండితులకు విడిచిరి. నీటిదారికి మాత్రము ఆ పిల్ల జ్ఞాపకము అంటుకొన్నది. ఆమెకు సమాధి లేదు. అరువది కిలోమీటర్ల పొడవున సముద్రమువరకు పారు ఏరే ఆమె గుర్తు. ఇట్టి పేరంటాళ్ళు తెలుగుదేశమున అనేకులు. పెనుగంచిప్రోలులోని తిరుపతమ్మ వారిలో మిక్కిలి ప్రసిద్ధురాలు. భర్త గోపయ్య పులి వాత పడగా ఆమె అగ్నిప్రవేశము చేసెనని కథ. ఆమెను మ్రొక్కువారిలో అన్ని కులములవారు ఉన్నారు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఒక స్త్రీ అగ్నికో కత్తికో ఆహుతియైన కథను తలచుకొనుట వేరు, ఆ ఆహుతిని మెచ్చుకొనుట వేరు. సహగమనమును బెంగాలు ప్రభుత్వము 1829లోను, మద్రాసు ప్రభుత్వము 1830లోను నిషేధించినవి. పేరంటాలి గుడిముందు నిలిచిన యాత్రికుడు ఆమెను దేవతగా నమ్మినను నమ్మకున్నను, ఆమెను ఎవరైన అడిగిరా అను ప్రశ్న వేసికొనుట న్యాయము. ఆ ప్రశ్న కూడ ఆమెకు చెల్లవలసిన వంతులోనిదే.

కొల్లేటి లంకలలో నేటికిని తీరని బాధ ఒకటి ఉన్నది. ఎండకాలములో సరస్సు ముడుచుకొని మైదానమగును. వానకాలములో పెరిగి ఊళ్ళను చుట్టుముట్టును. నీరు పెరిగినప్పుడు కాటికి కావలసిన మెరక కూడ మునిగిపోవును. చితి పేర్చుటకు పొడి నేల ఉండదు. గొయ్యి తీసినచో నీరూరును. పాడెను పడవపై చేర్చియో, నడుములోతు నీటిలో మోసియో మెరక వెదకికొనవలసి వచ్చును. 1999లో ప్రభుత్వము కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో ఇది రాంసర్ ఒప్పందపు జాబితాలో చేరినది. 2006లో సరస్సునాక్రమించిన చేపల చెరువుల గట్లను తెగగొట్టిరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచి, ఆ నీరంతయు కొల్లేటికి దిగినప్పుడు లంకల దారులు మరల నీటిపాలైనవి. సరస్సును కాపాడుట ఎంత అవసరమో, దానినడుమ బ్రతుకువారికి ఆరు అడుగుల పొడి నేలయు, అక్కడకు చేరు దారియు ఉండుట అంతే అవసరము. పక్షులకు గీచిన హద్దులలో మనుష్యుల కాడుకు కూడ చోటు చూపవలెను.

ఇక సరస్సును విడిచి మెట్టకు ఎక్కుదము. ఏలూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున, కామవరపుకోటకు సమీపమున, జీలకర్రగూడెము గుట్టలపై గుంటుపల్లి బౌద్ధారామము ఉన్నది. క్రీస్తునకు పూర్వపు శతాబ్దములనుండి అక్కడ భిక్షువులు నివసించిరి. కొండను వలయాకారముగా తొలిచి, పైకప్పులో కొయ్య వాసాలవలె రాతిలోనే పక్కలు చెక్కిన చైత్యగృహము ఆ ఆరామమునకు ప్రాణము. దాని మధ్య స్తూపము. వెలుపల తిన్నెలపై పదులకొద్ది చిన్న స్తూపములు. స్తూపము మొదట బుద్ధుని శరీర ధాతువులపై కట్టిన కట్టడము. తరువాత గొప్ప భిక్షువుల ధాతువులపైనను, మ్రొక్కుబడిగాను కట్టుట వాడుకయైనది. 1892లో భట్టిప్రోలు స్తూపమును త్రవ్వినప్పుడు బ్రాహ్మీ లిపి చెక్కిన ధాతుకరండములు బయలుపడిన సంగతి శ్రోతలలో పలువురికి తెలియును.

గుంటుపల్లిలో దీపము పెట్టిన బౌద్ధ సంఘము అంతరించి శతాబ్దములు గడచినవి. వారి వారసులమని చెప్పుకొనువారు ఆ చుట్టుప్రక్కల లేరు. అయినను గుహలోని స్తూపము అనాథ కాలేదు. ప్రక్క గ్రామములవారు దానిని లింగముగా భావించి, ధర్మలింగేశ్వరుడని పేరు పెట్టి పూజించుచు వచ్చిరి. పండితుడు ఇది పొరపాటు గుర్తింపు అనవచ్చును. ఆ పేరులో ధర్మము అను మాట నిలిచియుండుట కాకతాళీయమో కాదో చెప్పలేము. ఒకటి మాత్రము నిజము. మ్రొక్కువారు ఉన్నచోట రాళ్ళు పెకలించుకొనిపోవుట అంత సులభము కాదు. భక్తులు లేని స్తూపముల ఇటుకలు ఎన్ని ఊళ్ళలో బాటలకును, ఇండ్లకును పోయినవో పురావస్తు శాఖవారి నివేదికలు చదివినచో తెలియును.

దీనికి మారుగా, పొరుగువారి మ్రొక్కు లేని సమాధులు ఎట్లుండునో బందరులో చూడవచ్చును. కొల్లేటికి దక్షిణమున సముద్రతీరముననున్న మచిలీపట్టణమునకు 1605లో డచ్చి వర్తకులు వచ్చిరి; 1611లో ఆంగ్లేయులు వచ్చిరి. కలంకారీ బట్టలకును, నీలిమందునకును, సన్నని నూలు బట్టలకును నాడు ప్రపంచమున గిరాకీ. పాలకొల్లులోను డచ్చివారి వర్తకశాల ఉండెడిది. బందరులో మరణించిన డచ్చివారి సమాధులపై పెద్ద శిలాఫలకములు పరచియున్నవి. వాటిపై వంశచిహ్నములు, శిరస్త్రాణములు, ఉబ్బెత్తుగా చెక్కిన డచ్చి అక్షరములు. 1824 నాటి సంధి ననుసరించి మరుసటి ఏట డచ్చివారు ఈ తీరమును ఆంగ్లేయులకు విడిచి వెడలిపోయిరి. పాతిపెట్టబడినవారు మాత్రము ఉండిపోయిరి. వారికి తద్దినము పెట్టువారు లేరు, నవంబరులో కొవ్వొత్తి వెలిగించు మనుమలు లేరు. 1897లో అలెగ్జాండరు రీ అను పురావస్తు శాఖాధికారి మద్రాసు రాజధానిలోని డచ్చి స్మారకములపై గ్రంథము వెలువరించెను. 1905లో జె. జె. కాటన్ సమాధుల శాసనముల జాబితా ప్రకటించెను. ఈనాడు ఆ సమాధులు కేంద్ర పురావస్తు శాఖవారి రక్షణలో ఉన్నవి. బంధువు చేయవలసిన పనిని ప్రభుత్వము చేపట్టిన సందర్భమిది.

అదే బందరులో, డచ్చి శిలలకు కూడ నోచుకొనని మృతులు వేలకొద్ది ఉన్నారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి పట్టణముపై విరుచుకొనిపడగా సుమారు 30,000 మంది మరణించిరి. తెల్లవారినచో నవంబరు 2, సకల మృతుల స్మరణ దినము. నూటపదుమూడు సంవత్సరముల తరువాత 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన మరల సుమారు 10,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. పేరు తెలియనివారిని, ఏ మతమువారో చెప్పలేనివారిని, దొరకినచోటనే కాల్చిరి, పూడ్చిరి. అట్టివారికి విడిగా సమాధి ఎక్కడ? దివిసీమవారు ఏటేట ఆ తేదీన వారిని తలచుకొందురు. సమాధి దొరకనివారికి ఆ తేదీయే సమాధి. 1864 నాటివారికి అట్టి తేదీ ప్రజల మనసులలో నిలువలేదు. శత సంవత్సరములు దాటిన మరణమునకు ఏడ్చువారుండరు గాని, క్యాలెండరులో ఒక గుర్తు పెట్టుటకు ఖర్చేమియు లేదు.

సమాధి ఒకచోట, తలపు మరొకచోట ఉండుటయు కలదు. ధవళేశ్వరము ఆనకట్టను 1852 నాటికి పూర్తి చేయించిన సర్ ఆర్థరు కాటన్ 1899లో ఇంగ్లండులో మరణించెను. ఆయన సమాధిని చూచిన గోదావరి రైతులు అరుదు. అయినను డెల్టా గ్రామములలో ఆయన విగ్రహములు ఎన్నియో ఉన్నవి. గోదావరి స్నానవేళ ఆయన పేరును కూడ తలచిన పండితులు ఉండిరని మన పెద్దలు చెప్పుకొందురు. దోసిలిలోని నీరు ఎవరివలన దొరకినదో వారికి ఆ నీటిలో వంతు ఉన్నదని వారి లెక్క. ఇదియు కారుణ్య తర్పణమే.

తాడేపల్లిగూడెములో రెండవ ప్రపంచ యుద్ధకాలమున నిర్మించిన పాత విమానాశ్రయపు రన్‌వే ఉన్నది. విమానములు పోయినవి, పొడవైన ఆ దారి మిగిలినది. దానిని చూచినప్పుడు, ఆ యుద్ధములో పరదేశమున మరణించిన సైనికుల సంగతి ఏమైనదని తోచును. దక్షిణ భారతమునను, తూర్పు ప్రాంతములలోను అక్కడక్కడ పూడ్చబడిన సైనికుల సమాధులను శాశ్వతముగా కాపాడుట సాధ్యము కాదని తలచి, 1952లో మద్రాసు నందంబాక్కములో ఒక యుద్ధ శ్మశానవాటికను ఏర్పరచి వారిని అక్కడకు చేర్చిరి. 1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల సంఘము పెట్టుకొన్న నియమము గొప్పది. సేనాపతికైనను సిపాయికైనను ఒకే కొలత రాయి; హోదాను బట్టి హెచ్చుతగ్గులు లేవు.

ఈ నియమము మన ఊళ్ళను చూచుకొనుటకు అద్దము వంటిది. మరణము అందరిని సమానము చేయునని మనము పద్యములు పాడుకొందుము. ఊరి చివరకు పోయి చూచినచో ఊరికొక కాడు, వాడకొక కాడు. ఒక కాటికి సిమెంటు దారి, నీటి కుళాయి, కూర్చుండుటకు అరుగు; మరొక కాటికి పొలము గట్టుమీద ఒంటికాలి బాట, వానలో బురద. ఆ గట్టు తనదని ఒక ఆసామి అడ్డగించినచో పాడె నడిరోడ్డున నిలిచిపోవును. కాలువ గట్లు వెడల్పు చేసినను, చెరువులు త్రవ్వినను, రోడ్లు వేసినను ముందుగా తరిగిపోవునది వ్రాతపూర్వకమైన హక్కు లేని కాడే. ఏ సమాజమునకు పలుకుబడి లేదో, దాని సమాధులపై రాయి ఉండదు. రాయి లేనిచోట సమాధియే లేదని వాదించుట సులభము. కావున ఊరి పటములో ప్రతి కాటి హద్దులను, దానికి పోవు దారిని కూడ గీయించుట పంచాయతీల మొదటి పని కావలెను. జాషువ పద్యములను ఎంత శ్రావ్యముగా పాడుకొన్నను ఈ పని జరుగనిదే ఆయనకు మనము చెల్లించిన గౌరవము సగమే.

కాటిని చూడగోరు ప్రయాణికుడు కొన్ని మర్యాదలు పాటింపవలెను. ముందుగా ఊరిలో పెద్దనో, మసీదులోని ముజావరునో, గుడి పాదిరినో, కాటికాపరినో అడిగి అనుమతి పొందవలెను. శ్మశానము ఎక్కడ అని అడుగుటకంటె, మీ పెద్దలను ఎక్కడ పెట్టుకొన్నారు అని అడిగినచో జవాబు సులభముగా వచ్చును. అంత్యక్రియ జరుగుచున్న సమయమున దూరముగా నిలువవలెను; ఏడ్చువారి ఫోటోలు తీయరాదు. సమాధులపై అడుగు వేయరాదు, కూర్చుండరాదు. కొన్ని కుటుంబములలో స్త్రీలు కాటికి పోవుట ఆచారము కాదు, కొన్నింటిలో అందరును పోవుదురు. వాదింపక వారి రీతిని అనుసరింపవలెను. పాత శిలాక్షరములను చదువుటకు సుద్దముక్కతో రుద్దుట, నూనె పూయుట, ఆమ్లముతో కడుగుట రాతికి హాని. ఉదయమో సాయంకాలమో ఏటవాలు ఎండ పడువేళ నిలిచి చూచినచో అరిగిన అక్షరములు తమంత తామే లేచి కనబడును. చదివిన పేరును, సంవత్సరమును ఒక కాగితముపై వ్రాసికొని, ఆ ఊరి పాఠశాలలో ఒక ప్రతి ఇచ్చి రావలెను. రాయి అరిగినను కాగితము మిగులును.

ప్రయాణము చేయనివారికిని ఇందు ఒక పని ఉన్నది. మీ ఇంట ఒక నోటుపుస్తకము తీసికొని, మూడు తరముల పేర్లు వ్రాయుడు. స్త్రీల పేర్లు తప్పక వ్రాయుడు. అవ్వ పేరు తెలిసిన మనుమలు ఉందురు గాని, ముత్తవ్వ పేరు తెలిసినవారు తక్కువ. ప్రక్కన ఆమె పుట్టిన ఊరు, ఆమెను సాగనంపిన చోటు, తిథియో తేదీయో వ్రాయుడు. ఇంటిలో పెద్దవారు ఉన్నప్పుడే ఈ పని జరుగవలెను. వారితోనే ఆ జ్ఞాపకము కూడ పోవును. ఇక రాబోవు మహాలయ పక్షమునకో, షబే బరాత్ రాత్రికో, నవంబరు 2వ తేదీకో మీ పెద్దల సమాధి శుభ్రము చేయబోయినప్పుడు, తిరిగివచ్చుటకు ముందు ఒక్క పది నిమిషములు ఎక్కువ నిలువుడు. ప్రక్కన పేరు చెరిగిన సమాధి ఒకటి తప్పక ఉండును. దానిమీది గడ్డి కూడ పెరికి రండి.